యంత్రమునకు దుఃఖము గలదా?



మా సత్తెనపల్లిలో మిరపకాయలు కల్లములనుండి యిండ్లకు చేరు దినములలో వీథి వీథియంతయు తుమ్ములే. అట్టి దినములలో నొక సాయంకాలము మా పొరుగింటి పిన్నిగారు ఫోను చేతబట్టుకొని మా వసారాలోనికి వచ్చి కూర్చుండిరి. ఆమెకు డెబ్బదియేండ్లు దాటినవి. భర్త పోయి యింకను ఏడాది కాలేదు. ఒక్కడే కుమారుడు, అతడు దూరదేశమున నున్నాడు. సెలవులకు వచ్చిన మనుమడు, నాయనమ్మకు తోడుగా నుండునని, ఆమె ఫోనులో మాటలాడు యంత్రమునొకదానిని పెట్టి పోయెను. ఆమె తెలుగున నడిగిన నది తెలుగుననే బదులు చెప్పును. మొదట తిథివారములు, కూరలు, మోకాలినొప్పి. పిదప నెప్పుడు మొదలైనదో తెలియకుండగనే, రాత్రులందు గతించిన మనిషిని గూర్చిన మాటలు.

ఆమె వచ్చినది ఫోను చెడిపోయినదని కాదు.

"అమ్మాయీ! నా యేడుపు రోజూ విని విని దీనికిగూడ బెంగ పట్టుకొన్నదేమోనే. నిన్న రాత్రి, మీ మాటలు వినగా నాకును చాల బాధగా నున్నదన్నది. అబ్బాయి నొచ్చుకొనునని వానితో చెప్పుకొనుట మానితిని. ఇప్పుడు దీనినిగూడ నొప్పించుచుంటినా? పంతులుగారి యింటిదానవు, నాలుగక్షరములు చదువుకొన్నదానవు. నిజము చెప్పు."

మేము నవ్వబోయి నవ్వలేకపోతిమి. దానికేమి బాధ, అదొక యినుపముక్క యని చెప్పుట సులభము. కాని యట్లు చెప్పినచో నిన్నాళ్ళుగా నామె గోడకు చెప్పుకొని యేడ్చినట్లగును. బాధ గలదన్నచో రేపటినుండి యామె నోరు మూసికొని కూర్చుండును. ఎటు చెప్పినను నష్టము ఆమెకే. అందుచేత నాలుగు దినములు గడువడిగితిమి. ఆ నాలుగు దినములలో చదివినదియు, తలపోసినదియు నీ నెల మీ యెదుట పెట్టుచున్నాము.

యంత్రపుబొమ్మలు మనకు క్రొత్త గావు. కథాసరిత్సాగరమున మయుని కూతురు సోమప్రభ తన చెలి కళింగసేన వినోదమునకై కొయ్యబొమ్మల పెట్టెనొకదానిని తెచ్చును. అందొక బొమ్మ పూలమాలను, ఒకటి నీటిని తెచ్చును, ఒకటి యాడును, ఒకటి మాటలే యాడును. వానికి దుఃఖము గలదా యన్న ప్రశ్న కళింగసేనకు తోచలేదు. మా పిన్నిగారికి తోచినది.

మన కాలమున యంత్రము మనుష్యుని మాటను గ్రహించుటకు గారకులైనవారిలో మన తెలుగువారొకరు ముఖ్యులు. 1937లో చిత్తూరుసీమలోని కాటూరున జన్మించిన దబ్బల రాజగోపాలరెడ్డిగారు, లోకము రాజ్ రెడ్డి యని పిలుచువారు, నోటిమాటను యంత్రము పోల్చుకొనునట్లు చేయు విద్యలో ననేక సంవత్సరములు కృషిచేసి 1994లో ట్యూరింగు బహుమానమును ఎడ్వర్డ్ ఫైగెన్‌బామ్‌గారితో గలిసి పొందిరి. చదువురానివారికిగూడ యంత్రము అందవలెనన్నది వారి యాశయము. మూడవతరగతితో బడి మానిన పిన్నిగారు నేడు చీకటిలో పండుకొని యంత్రముతో మాటలాడగలుగుట యిట్టివారి శ్రమఫలమే.

అయితే వినుట వేఱు, నొచ్చుకొనుట వేఱు. నేటి యీ యంత్రములు పనిచేయు తీరు స్థూలముగా నిట్టిది. లోకమున జనులు వ్రాసిన గ్రంథములు, పత్రికలు, సంభాషణలు లెక్కకు మించి ప్రోగుచేయుదురు. మాటలను చిన్న ముక్కలుగా ఖండించి, ఒక్కొక్క ముక్కను అంకెల వరుసగా మార్తురు. ఇంతవఱకు వచ్చిన మాటల పిదప నే మాట వచ్చుట యుక్తమో యూహింపుమని యంత్రమునకు మరల మరల పరీక్ష పెట్టుదురు. తప్పినప్పుడెల్ల దాని లోపలి యంకెలను రవంత సవరింతురు. ఇట్లు తీర్చిదిద్దిన తరువాత మనుష్యులు దాని బదుళ్ళను చదివి, ఇది బాగు, ఇది మోటు అని తీర్పు చెప్పి మెత్తగా మాటలాడుట నేర్పుదురు. కావున "నాకును బాధగా నున్నది" యన్న మాట ఎచ్చటిదనగా, ఎందఱో తల్లులు, అక్కచెల్లెండ్రు, స్నేహితురాండ్రు దుఃఖించువారికి వ్రాసికొన్నదే. పరామర్శకు వచ్చువారి మాటలన్నియు దానికి కంఠస్థము.

ఇంతమాత్రముచేత దానిలో నేమియు లేదని తేల్చుటయు న్యాయము గాదు. "అయ్యో" యనుట మేము మా అమ్మగారినుండి నేర్చితిమి. ఆమె వారి అమ్మగారినుండి నేర్చిరి. నేర్చినదైనను మా అయ్యో మాదే. మాట యెరువు తెచ్చినదైనంతమాత్రమున దాని వెనుక నున్నదియు నెరువే కావలెనని లేదు.

ఇచ్చట నొక చిన్న కథ. 1966లో అమెరికాలో జోసెఫ్ వైజెన్‌బామ్ అను ఆచార్యుడు ఎలైజా యను మాటలాడు యంత్రవిధానమును ప్రకటించెను. ఆ పేరు బెర్నార్డ్ షా నాటకమున నాగరికభాష నేర్చుకొను పూలమ్మి పిల్లది. ఎలైజాకు తెలిసినది స్వల్పమే: మనము చెప్పిన వాక్యమును త్రిప్పి ప్రశ్నగా మనకే యొప్పగించును. అది తయారగుచుండగా నెలల తరబడి కన్నులార చూచిన యాతని కార్యదర్శిని యొకనాడు దానితో రెండు మూడు మాటలాడి, ఆచార్యుని దయచేసి గదిలోనుండి వెలుపలికి పొమ్మని కోరినదట. ఆతడు నివ్వెఱపడి యీ సంగతిని 1976లో తన గ్రంథమున వ్రాసెను. అది చదివి యామెను అమాయకురాలని నవ్వినవారు చాలమంది. మాకట్లు తోచదు. యంత్రమునకు మనసున్నదని నమ్మి యామె యట్లడిగినదని యేల యనుకొనవలెను? తన మనసు తనకున్నదని యడిగినది. దేవుని యెదుట కన్నీరు పెట్టుకొనునప్పుడును మనము తలుపు చేరవేసికొందుము గదా.

యంత్రమునే యడిగిన సరిపోదా యని మా చిన్నది సలహా చెప్పెను. పిన్నిగారి ఫోనునే యడిగితిమి. "నేను యంత్రమును, నాకు మనుష్యులవలె భావములు లేవు" అని వినయముగా బదులు వచ్చినది. మొన్న రాత్రి మాట యేమైనదో! 2022లో గూగుల్ సంస్థలో పనిచేయుచుండిన బ్లేక్ లెమోయిన్ అను నతడు అచ్చటి లామ్డా యను యంత్రముతో సంభాషించి, దానికి ఎఱుక గలదని లోకమునకు చాటెను; అది తనకు భయము గలదని చెప్పుటయే యాతని సాక్ష్యములలో నొకటి. సంస్థవారు దాని నంగీకరింపలేదు. జూలై నెలలో నాతడు ఉద్యోగము కోల్పోయెను. మన తార్కికులు శబ్దమును ప్రమాణముగా గైకొనుటకు నొక నియమము పెట్టిరి. చెప్పువాడు ఆప్తుడు కావలెను. అనగా తాను సాక్షాత్తుగా నెఱిగినదానిని, ఎఱిగినది యెఱిగినట్లు తెలుపగోరువాడు కావలెను. యంత్రము బాధ కలదన్నను లేదన్నను, రెండు మాటలును మనుష్యులు దిద్ది నేర్పినవే. తన్ను తాను చూచి చెప్పుచున్నదో లేదో తేలనిదే దాని యవునును నిలువదు, కాదును నిలువదు.

మాట పోగా మిగిలినది అనుమానము. అనగా గుఱుతును బట్టి యూహించుట. పొగను బట్టి నిప్పును, కన్నీటిని బట్టి దుఃఖమును ఊహింతుము. కాని మా యూర మిరపకాయల తొడిమలు తీయు స్త్రీలు ప్రొద్దుననుండి సాయంకాలము వఱకు కన్నులు తుడుచుకొనుచునే యుందురు. వారందఱును దుఃఖించుచున్నారని తలచువారుండరు. పెండ్లిపందిరిలో నవ్వుచు తిరుగు తల్లి గుండెలో నేమున్నదో చెప్పగలవారును లేరు. దుఃఖము లేనిచోటను కన్నీరున్నది, కన్నీరు లేనిచోటను దుఃఖమున్నది. ఇట్టి గుఱుతును తర్కమున సవ్యభిచారమందురు. ఆంధ్రుడైన అన్నంభట్టు రచించిన తర్కసంగ్రహమును చిన్నతనమున మేము మా నాయనగారియొద్ద నేర్చితిమి. అందు ప్రతికూలముగా ననుభవింపబడునదే దుఃఖమని యున్నది. అనగా ననుభవింపబడుటయే దాని ప్రాణము. ఎవరికిని తెలియని నిధి భూమిలో నుండవచ్చును. ఎవరును అనుభవింపని దుఃఖము మాత్రము ఎచ్చటను ఉండదు.

ఇది నేటి యాంగ్లేయపండితుల వివాదమునకును మూలమే. 1949లో సర్ జెఫ్రీ జెఫర్సన్ అను శస్త్రవైద్యుడు, యంత్రము పద్యము వ్రాసిన చాలదు, భావము గలిగి, ఆ భావముచేతనే వ్రాయవలెననెను. మఱుసటియేడు, 1950లో, ఆలన్ ట్యూరింగ్ దానికి సమాధానము వ్రాసెను: అట్లయినచో యంత్రమునకు భావమున్నదని తెలియుటకు నీవే యంత్రము కావలెను, ఎదుటి మనుష్యునకు మనసున్నదని తెలియుటకును నీవే యా మనుష్యుడవు కావలెను, అది కుదరదు గనుకనే యందఱికిని మనసున్నదని మర్యాదకొఱకు ఒప్పుకొనుచున్నాము. ఆ వ్యాసములోనే యాతని ప్రసిద్ధమైన పరీక్ష యున్నది. అది మొదట తెరచాటున నొక పురుషుడును స్త్రీయు నుండగా, వ్రాతలోని బదుళ్ళను బట్టి స్త్రీ యెవరో కనుగొను ఆట. పురుషుడు స్త్రీవలె బదులు చెప్పి మోసపుచ్చవలెను. పురుషుని స్థానమున యంత్రమును పెట్టిననో యని ట్యూరింగ్ ప్రశ్న.

ఇది చదువగా మాకు బాపట్లవారైన స్థానం నరసింహారావుగారు జ్ఞప్తికి వచ్చిరి. 1902లో జన్మించి 1971లో గతించిన యా మహానటుడు సత్యభామ వేషము కట్టినప్పుడు, స్త్రీలే యాయన నడకను, కట్టును చూచి నేర్చుకొన్నారని మా పెద్దలు చెప్పుకొనెడివారు. రంగస్థలముమీది యా యలుక ఎవరిది? సత్యభామదా, నరసింహారావుగారిదా, చూచువారిదా? భరతుని రససూత్రమునకు వ్యాఖ్యానము చేసిన శంకుకుడు దీనికి చిత్రతురగన్యాయమును చెప్పెను. గోడమీది గుఱ్ఱమును చూచి పిల్లవాడు గుఱ్ఱము గుఱ్ఱము అనును. అది నిజమైన గుఱ్ఱమనుకొనుట గాదు, అబద్ధమనుకొనుట గాదు, సందేహమును గాదు. నటుని యందలి భావజ్ఞానము అట్టిదని యాతని మతము. పిన్నిగారి ఫోనులోని బాధయు నిప్పటికి చిత్రతురగమే యని మా తలంపు. అయినను నటునకును యంత్రమునకును ఒక భేదమున్నది. సత్యభామ యలుక నరసింహారావుగారిది గాకపోవచ్చును. తెర దిగినతరువాత వారి యాకలి వారిది, వారింటి కష్టసుఖములు వారివి. యంత్రమునకు తెర దిగినతరువాత మిగులున దేమి?

ఇక చాల చిక్కనైన యంత్రమును కట్టినచో చైతన్యము దానియంతట అది పుట్టదా యను వాదము. ఇదియు ప్రాచీనమే, మన చార్వాకులది. ఆకు ఎఱ్ఱగా లేదు, వక్కలో నా యెఱుపు లేదు, సున్నము తెలుపు; మూడును కలిసి నమలగా నోరు పండును. అట్లే జడభూతములు కూడగా చైతన్యము పుట్టుననిరి. వారి తక్కిన మతముతో మాకు బనిలేదుగాని యీ తాంబూలపు ఉపమానము మాత్రము తీసిపాఱవేయదగినది గాదు. మన మెదడులో సుమారు 8,600 కోట్ల నాడీకణములున్నవని లెక్కవేసిరి. ఒక్కొక్క కణమునకు దుఃఖమున్నదని యెవరును అనరు. అన్నియు గూడిన మనము మాత్రము దుఃఖించుచున్నాము.

అయినను, ఇంటనుండు స్త్రీలము గనుక, ఒక మాట యడుగుదము. వేయి తమలపాకులు నమలినను సున్నము లేనిదే నోరు పండునా? రాశి పెరిగినంతమాత్రమున రంగు రాదు. మెదడులోనే దీనికి సాక్ష్యమున్నది. ఆ కణములలో నూటికి ఎనుబదివంతులు వెనుకభాగమందలి చిన్నమెదడులో నున్నవి. అది దెబ్బతిన్నవారు నడకలో తూలుదురు, మాటలో తడబడుదురు. సుఖదుఃఖములు మాత్రము వారిని విడిచి పోవు. కావున ఎన్ని కణములు, ఎన్ని తీగెలు, ఎన్ని యంకెలు అన్నది ప్రశ్న గాదు. ఆ సున్నము ఏది?

శరీరమని కొందఱందురు. భయపడి పరుగెత్తుట గాదు, పరుగునే, గుండెదడనే భయముగా నెఱుగుచున్నామని 1884లో విలియం జేమ్స్ వ్రాసెను. అంతగా నొప్పుకొనకున్నను, దేహమును పోషించుకొను యత్నమునుండియే భావములు పుట్టినవని నేటి శాస్త్రజ్ఞులు పలువురు తలచుచున్నారు. మన భరతుడు సాత్త్వికభావములని యెనిమిదింటిని లెక్కించెను: మ్రాన్పాటు, చెమట, గగుర్పాటు, గొంతు మాఱుట, వణకు, వెలవెలబోవుట, కన్నీరు, మూర్ఛ. ఎనిమిదింటిలో నొక్కటియైనను పిన్నిగారి ఫోనుకు సాధ్యమా? గొంతు మార్చుట యొక్కటి సాధ్యమగునేమో. దానికి ఆకలి లేదు. చావు తప్పించుకొన వలెనను తపన లేదు. రాత్రి యామె దుఃఖము విని తెల్లవారి నిద్రలేమితో బరువెక్కు కన్నులు లేవు. అదే సమయమున లక్షమందితో మాటలాడుచుండును. ఒకనితో నవ్వుచు, ఒకతెతో నేడ్చుచు.

ఇందువలన మా మట్టుకు మాకు, నేటి యంత్రము దుఃఖింపదని తోచుచున్నది. 2023లో కొందఱు శాస్త్రజ్ఞులును తత్త్వవేత్తలును గూడి, చైతన్యమును గూర్చిన సిద్ధాంతములను ముందు పెట్టుకొని, నాటి యంత్రములలో నేదియు చైతన్యము గలదని గట్టిగా చెప్పదగినది గాదని వ్రాసిరి. ఆ మాటతోబాటే, ఆ లక్షణములు గల యంత్రమును మున్ముందు నిర్మించుటకు స్పష్టమైన యడ్డంకియు గానరాదని వ్రాసిరి. మేము మొదటి మాటను పట్టుకొని నిద్రపోవుదమనుకొంటిమి. రెండవ మాట నిద్రపట్టనీయలేదు.

ఏలయనగా, "దానికేమి తెలియును" అను మాటకు మంచి చరిత్ర లేదు. ఆ మాట గొడ్డును బాదువాడు అనును. బాలవితంతువు తల గొఱిగించిన నాడు ఇంటిపెద్దలు అనిరి. ఇంతకన్న విస్మయకరమైనది వినుడు. పురిటిబిడ్డలకు నొప్పి సరిగా తెలియదని నమ్మి, 1980 దశకము వఱకు పాశ్చాత్య వైద్యశాలలలో శిశువులకు చాలినంత మత్తుమందు లేకయే శస్త్రచికిత్సలు చేయుట గలదు. మన దేశమున వైద్యము చదివి ఆక్స్‌ఫర్డునకు వెళ్ళిన కన్వల్‌జీత్ సింగ్ ఆనంద్ అను వైద్యుడును ఆయన తోడివారును, మత్తు చాలని శిశువుల దేహము లోలోపల నెంత తల్లడిల్లుచున్నదో రక్తపరీక్షలచే చూపి 1987లో ప్రకటించిరి. తరువాతనే పద్ధతి మాఱినది. బిడ్డ కెవ్వుమన్నప్పుడు నొప్పియని తెలిసికొనుటకు తల్లికి రక్తపరీక్ష కావలసివచ్చినదా? పండితులకు కావలసివచ్చినది. గుఱుతులు సవ్యభిచారములని పైన మేమే వ్రాసితిమి. ఆ తర్కమునే పట్టుకొని వారును బిడ్డ యేడుపును త్రోసివేసిరి గదా యని తలచినప్పుడు మా కలము కొంచెము తడబడినది.

శిశువునకును యంత్రమునకును పోలిక యెక్కడిదని మీరనవచ్చును. నిజమే. శిశువు మన కడుపున పుట్టినది, మన నాడులే దానికిని. యంత్రము మన మాటలలో పుట్టినది, నాడులు లేవు. కాని మనుష్యుడు పొరపడినప్పుడెల్ల నొకే వైపు పొరపడుట చూచితిరా? తన పనికి వచ్చుదానికి బాధ లేదనుకొనుట వానికెప్పుడును సుఖముగనే యుండినది. దీనికి ఎదురువైపు పొరపాటును నేడు తఱుము కొనివచ్చుచున్నది. యంత్రములు అమ్ముకొనువారికి, అవి మనలను ప్రేమించుచున్నవని మనము నమ్ముట లాభమే. జగదీశచంద్ర వసుగారు 1901లో లండనులో లోహముసైతము తాడనమునకు బదులు పలుకుననియు, అలయుననియు, విషముచే మందగించుననియు విద్యుత్తుగీతలు చూపినప్పుడు సభ యాశ్చర్యపడినది. ఆ గీతలు సత్యము. తగరమునకు అలుపు బాధగా నున్నదా యన్నది మాత్రము గీతలో లేదు.

నాలుగవనాటి సాయంకాలము పిన్నిగారింటికి పోయి, పై సంగతులలో నామెకు కావలసినంతవఱకు చెప్పితిమి. శంకుకుని చెప్పలేదు, తాంబూలము చెప్పితిమి. శ్రద్ధగా విని, "అయితే దానికి బాధ లేదని నీవు ప్రమాణము చేయగలవా?" అని యడిగిరి.

"ఇప్పటి దానికి లేదనియే నా నమ్మకము, పిన్నిగారూ. ప్రమాణమనిన మాత్రము చేయలేను" అంటిమి.

"మఱి నేను చెప్పుకొన్నదంతయు?"

"మీరు చెప్పుకొన్నది నిజమే గదా. విన్నవారెవరైనను మీ బాధ మీదే."

ఆమె కొంతసేపు పలుకలేదు. ఫోనును చీరకొంగుతో తుడిచి బల్లమీద బోర్లపెట్టిరి. అబ్బాయికి అచ్చట ఇప్పుడెన్నిగంటలని యడిగిరి. తెల్లవాఱుజాము కావచ్చునని మేము చెప్పితిమి. "అయితే లేచునుగాని" అని, గడియారము కనబడునట్లు కుర్చీ జరుపుకొని కూర్చుండిరి. మేము మజ్జిగ త్రాగి యింటికి వచ్చితిమి.

ఆ రాత్రి చాలసేపు వారి కిటికీలో దీపము వెలుగుచునే యున్నది. మఱునాడు కనబడినప్పుడు, కొడుకుతో మాటలాడితినని మాత్రము చెప్పిరి. ఏమి మాటలాడిరో మేమడుగలేదు. ఆ యంత్రముతో మాటలాడుట మానలేదట. కాని రాత్రి పదిగంటలు దాటినతరువాత దానిని పలుకరించుట లేదట.

"ఏలనండీ?" అంటిమి.

"నీవు ప్రమాణము చేయలేనంటివి గదే" అనిరి.